బాడుగ ఇంటి యజమాని – గుత్త పని – పన్ను కోత

ఆలూరు ప్రాంతమున ప్రత్తి అమ్మకములు ముగిసి చేతికి నాలుగు రూపాయలు వచ్చిన దినములలో ఊరిలో బేల్దారి పనులు మొదలగుట వాడుక. కారుచున్న మిద్దెకు గచ్చు వేయించువారు కొందరు. బజారు వైపు రెండు అంగళ్లు కట్టించి బాడుగకు ఇచ్చువారు కొందరు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉన్న గిడ్డంగికి క్రొత్తగా బండలు పరపించువారు మరికొందరు. అట్టి దినములలో అరుగుమీద కూర్చున్న పెద్దలలో ఒకరు, ఇల్లు బాగుచేయించుచున్న యజమానిని పిలిచి, "ఏమప్పా, బేల్దారికి దుడ్డు ఇచ్చేటప్పుడు పన్ను పట్టుకొని ఇస్తాండావా లేదా? పట్టుకోకపోతే దండుగ పడుతుందంట!" అని హెచ్చరించును. ప్రక్కనున్న వేరొకరు, "అదంతా సర్కారు పనులకప్పా, మన మిద్దెకు మనం కూలి ఇచ్చుకుంటే ఎవరికేం లెక్క?" అని కొట్టివేయును.

ఈ ఇరువురి మాటలలోను కొంత సత్యము కలదు. కాని పూర్తి సత్యము ఇరువురి యొద్దను లేదు. మొదటివారి మాట నమ్మిన యజమాని, చట్టము కోరని కోత కోసి, పని చేసినవాని సొమ్మును ఏమి చేయవలెనో తెలియక తన యొద్దనే ఉంచుకొనును. రెండవవారి మాట నమ్మిన యజమాని, కోయవలసినచోట కోయక, రెండేండ్ల పిమ్మట వడ్డీతో సహా తన చేతినుండి కట్టుకొనును. కావున, బాడుగకు ఇచ్చిన ఇల్లో అంగడియో గల యజమాని దాని మరమ్మతుకుగాని నిర్మాణమునకుగాని కంట్రాక్టరుకు సొమ్ము చెల్లించునపుడు, ఆదాయపు పన్ను చట్టము అతనిపై ఏ భారము మోపినదో, ఏది మోపలేదో తెలిసికొనుట అవసరము.

కోత యనగా నేమి?

ముందుగా ఈ కోత స్వభావమును గ్రహింపవలెను. యజమానులకు ఇది క్రొత్త సంగతి కాదు. తాము పుచ్చుకొను ప్రక్కనుండి చాలమంది దీనిని ఎరిగియే యున్నారు. తన కట్టడమును ఒక బ్యాంకు శాఖకు నెలకు 60,000 రూపాయల బాడుగకు ఇచ్చిన యజమానిని అడుగుడు. నెల నెలా అతనికి 60,000 రాదు, 54,000 వచ్చును. తక్కిన 6,000 రూపాయలను, అనగా నూటికి పదివంతున, బ్యాంకువారు పన్నుగా పట్టుకొని అతని పాన్ నంబరు పేరిట ప్రభుత్వమునకు జమకట్టుదురు. ఆ 6,000 బ్యాంకు కట్టిన పన్ను కాదు, యజమాని పన్నే. సంవత్సరాంతమున అతడు తన ఆదాయ రిటర్ను దాఖలు చేయునపుడు ఆ సొమ్ము అతని ఖాతాలో చెల్లిన పన్నుగా కనబడును. తగిలిన పన్నుకంటె అది ఎక్కువైనచో వాపసు వచ్చును.

బ్యాంకు యజమానికి చేయునదే, కొన్ని సందర్భములలో యజమాని బేల్దారి మేస్త్రీకి చేయవలసివచ్చును. అనగా యజమాని ఇచట పన్ను చెల్లించువాడు కాడు. ఒకరి పన్నును మోసికొనిపోయి ఖజానాకు చేర్చు మధ్యవర్తి మాత్రమే. కోసిన సొమ్ము యజమానిది కాదు, పని చేసినవానిది. ఈ ఒక్క మాటను మనస్సునందుంచుకొన్నచో తక్కిన నియమములన్నియు సులభముగా బోధపడును.

కంట్రాక్టర్లకు ఇచ్చు సొమ్ములో పన్ను కోయు పద్ధతి మనదేశమున 1972లో వచ్చినది. ఆదియందు అది ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు, కంపెనీలు మొదలగువారికే వర్తించెడిది. "అది సర్కారు పనులకే" అను మాట ఆనాటి జ్ఞాపకము. 2007 జూన్ 1వ తేదీనుండి పెద్ద వ్యాపారము చేయు వ్యక్తులు, హిందూ అవిభక్త కుటుంబములు దీనిలోనికి వచ్చిరి. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి వ్యాపారము లేని సామాన్య గృహస్థు సైతము, ఒక పెద్ద మొత్తమును దాటినపుడు, దీని క్రిందికి వచ్చినాడు. కావున "నా ఇంటికి కోత ఉన్నదా?" అను ప్రశ్నకు జవాబు ఇంటిని చూచి చెప్పునది కాదు; యజమాని ఎవరు, ఒక కంట్రాక్టరుకు ఒక సంవత్సరమున ఎంత ఇచ్చెను అను రెండు విషయములను చూచి చెప్పవలసినది.

మొదటి తెగ: బాడుగ తప్ప వ్యాపారము లేనివారు

ఆలూరులో విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొందము. తాను ఒక ఇంట నివసించుచు, రెండవ ఇంటిని నెలకు 10,000 రూపాయల బాడుగకు ఇచ్చినాడు. ఈ సంవత్సరము ఆ ఇంటి మిద్దె తీసివేసి క్రొత్తగా స్లాబు వేయించుటకు మేస్త్రీకి 3,50,000 రూపాయలు గుత్తకు ఇచ్చినాడు. ఇతడు పన్ను కోయవలెనా? అక్కరలేదు. ఎవరికైనను లెక్క పంపవలెనా? అదియు అక్కరలేదు.

కారణమేమనగా, చిన్న గుత్తలపై కోత కోయవలసిన వ్యక్తి ఎవరనగా, గత ఆర్థిక సంవత్సరమున వ్యాపారమునందు కోటి రూపాయలు మించిన అమ్మకములుగాని, వైద్యము, న్యాయవాదము వంటి వృత్తియందు 50 లక్షలు మించిన రాబడిగాని కలవాడు. ఇంటి బాడుగ చట్టము దృష్టిలో సాధారణముగా వ్యాపారపు రాబడి కాదు. "గృహాస్తి ఆదాయము" అను వేరు శీర్షికకు చెందినది. కావున బాడుగలు ఎన్ని వచ్చినను, వ్యాపారమో వృత్తియో లేని వ్యక్తి ఈ చిన్న హద్దుల కోతకు లోబడడు. అతనికి వర్తించునది 50 లక్షల హద్దు ఒక్కటియే. ఆలూరు వంటి ఊరిలో బాడుగ ఇండ్లు గల గృహస్థులలో అధిక సంఖ్యాకులు ఈ తెగవారే. వీరు నిర్భయముగా మేస్త్రీ కష్టార్జితమును పూర్తిగా ఇచ్చివేయవచ్చును. కోత కోయుట తన బాధ్యత కానిచోట కోసి ఉంచుకొనుట ధర్మము కాదు.

రెండవ తెగ: వ్యాపారులు, సంస్థలు

ఇక ఆదోనిలోని ఒక ప్రత్తి వర్తకుని తీసికొందము. గత సంవత్సరము అతని అమ్మకములు కోటి దాటినవి. అతనికి ఒక గిడ్డంగి కలదు. దాని గోడలు, నేల బాగుచేయించుటకు ఒక మేస్త్రీకి 1,80,000 రూపాయల గుత్త ఇచ్చినాడు. ఇతనికి కోత తప్పదు. హద్దులు రెండు: ఒక్కసారి ఇచ్చు మొత్తము 30,000 రూపాయలు మించుట; లేదా ఒక ఆర్థిక సంవత్సరమున అదే కంట్రాక్టరుకు ఇచ్చిన మొత్తములన్నియు కలిసి 1,00,000 మించుట. ఈ రెండింటిలో ఏది దాటినను కోయవలెను. పుచ్చుకొనువాడు వ్యక్తియైనను, హిందూ అవిభక్త కుటుంబమైనను నూటికి 1 రూపాయి. కంపెనీ, భాగస్వామ్య సంస్థ మొదలగు ఇతరులైనచో నూటికి 2 రూపాయలు.

లెక్క చూతము. వర్తకుడు మొదట 25,000 ఇచ్చెను. అది 30,000 లోపలిది. మొత్తము లక్ష దాటలేదు. అప్పటికి కోత లేదు. రెండవసారి 60,000 ఇచ్చెను. ఒక్క మొత్తమే 30,000 మించినది గనుక 600 రూపాయలు కోసి 59,400 ఇయ్యవలెను. మూడవసారి 95,000 ఇయ్యవలసి వచ్చినది. ఇప్పుడు మొత్తము 1,80,000 ఐనది, లక్ష దాటినది. కావున మొదట విడిచిన 25,000 సైతము లెక్కలోనికి వచ్చును. 95,000 పై 950, పాత 25,000 పై 250, కలిసి 1,200 ఈసారి కోయవలెను. అంతయు చేర్చి కోత 1,800 రూపాయలు. అనగా 1,80,000 లో నూటికి ఒకటి.

ఇచట మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది: చూడవలసినది గత సంవత్సరపు అమ్మకములను. ఈ ఏడు పంట ఎండి వ్యాపారము సగమునకు పడిపోయినను, గత సంవత్సరము కోటి దాటియుండినచో ఈ ఏడు కోత తప్పదు. రెండవది: భాగస్వామ్య సంస్థ, కంపెనీ, సహకార సంఘము, ట్రస్టు, రిజిస్టరైన సొసైటీ – వీటి పేర ఆస్తి యున్నచో అమ్మకముల హద్దు చూడనక్కరలేదు, 30,000, లక్ష హద్దులు వెంటనే వర్తించును. ఎమ్మిగనూరు వంటి చేనేత పట్టణమున సంఘము తన కట్టడమును బాగుచేయించినను, ఒక ట్రస్టు తన కల్యాణమంటపమునకు రంగు వేయించినను ఈ నియమమే. మూడవది: వర్తకుడు తాను కాపురముండు ఇంటికి, కేవలము స్వంతావసరమునకు చేయించుకొన్న పనికి ఈ చిన్న హద్దుల కోత లేదు. కాని బాడుగ తెచ్చు ఆస్తిని స్వంతావసరమని చెప్పుకొని ఊరకుండుట క్షేమము కాదు. అట్టి చోట తన ఆడిటరు సలహా ముందుగానే పొందుట మేలు.

ఈ తెగవారు కోత కోయుటకు ముందు "టాన్" అను ప్రత్యేకపు నంబరు తీసికొనవలెను. కోసిన సొమ్మును మరుసటి నెల 7వ తేదీలోపల కట్టవలెను. మార్చి నెల కోతకు ఏప్రిల్ 30 వరకు గడువు కలదు. మూడు నెలలకొకసారి ఎవరికెంత కోసినదీ, వారి పాన్ నంబరులతో సహా, పట్టిక దాఖలు చేయవలెను. పిదప పని చేసినవానికి ధ్రువపత్రము ఇయ్యవలెను.

మూడవ తెగ: 50 లక్షలు దాటిన నిర్మాణము

మొదట చెప్పిన గృహస్థునకు వ్యాపారము లేదు గదా. అట్టివాడే పొలము అమ్మిన సొమ్ముతో ఆదోనిలో బాడుగకు ఇచ్చు నిమిత్తము మూడంతస్తుల కట్టడమును 60 లక్షల గుత్తకు ఇచ్చెననుకొందము. 2019 నాటి నియమము ఇతనికై పుట్టినది. ఒక ఆర్థిక సంవత్సరమున ఒక కంట్రాక్టరుకు ఇచ్చిన మొత్తము 50 లక్షలు మించినచో, యజమాని ఎవరైనను పన్ను కోయవలెను. ఇచట స్వంత ఇల్లు, బాడుగ ఇల్లు అను భేదము సైతము లేదు. కోత రేటు ఆదియందు నూటికి 5 రూపాయలుండెను. 2024 అక్టోబరు 1వ తేదీనుండి నూటికి 2 రూపాయలుగా తగ్గినది.

యజమాని జూలైలో 20 లక్షలు, సెప్టెంబరులో 20 లక్షలు, డిసెంబరులో 20 లక్షలు ఇచ్చినాడు. మొదటి రెండు విడతలకు హద్దు దాటలేదు. మూడవ విడతతో దాటినది. ఇప్పుడు కోత 50 పైబడిన 10 లక్షలపై మాత్రమే కాదు, మొత్తము 60 లక్షలపైని. అనగా 1,20,000 రూపాయలు. డిసెంబరు విడతలో కంట్రాక్టరుకు 18,80,000 మాత్రమే చేరును. ఈ సంగతి ముందు చెప్పనిచో అతడు కూలివారికి, ఇనుప సామాను అంగడికి ఏమని చెప్పుకొనును? కావున పని ఆరంభముననే గుత్త కాగితములో, "చట్టప్రకారము పన్ను కోసి చెల్లింపబడును" అని ఒక వాక్యము వ్రాసికొనుటయు, హద్దు దాటునని తెలిసినచో మొదటి విడతనుండియే కొంచెము కొంచెముగా కోయుటయు మంచి పద్ధతి.

ఈ తెగవారికి టాన్ నంబరు అక్కరలేదు. తన పాన్ నంబరుతోనే ఆదాయపు పన్ను శాఖ పోర్టలులో కట్టవచ్చును. కోసిన నెల ముగిసిన పిదప 30 దినములలోపల సొమ్మును, దానితో పాటు వివరములను సమర్పింపవలెను. ఆ గడువు తరువాత 15 దినములలోపల కంట్రాక్టరుకు ధ్రువపత్రము ఇయ్యవలెను.

హద్దు లెక్కించునపుడు ఏవి చేరును, ఏవి చేరవు అను సందేహము సహజము. యజమాని తానే అంగడికి పోయి సిమెంటు, ఇనుము, బండలు కొన్నచో అది సరకు కొనుగోలు. గుత్త పని కాదు. బేల్దారికి ఇచ్చు కూలి గుత్త మాత్రమే లెక్కకు వచ్చును. కాని సామానుతో సహా గుత్త ఇచ్చినచో మొత్తమంతయు లెక్కకు వచ్చును. బిల్లులో జి.ఎస్.టి. వేరుగా చూపబడినచో ఆ భాగముపై కోత లేదు. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు సైతము చెల్లింపే. ప్రతి ఏప్రిల్ 1వ తేదీకి లెక్క క్రొత్తగా మొదలగును.

పాన్ నంబరు లేని మేస్త్రీ

పని చేయువాని పక్షమునుండియు ఈ విషయమును చూడవలెను. నిజమైన నష్టము తరచుగా అతనికే కలుగును. పై ఉదాహరణమున కంట్రాక్టరు తన పాన్ నంబరు ఇయ్యనిచో, కోత నూటికి 2 కాదు, 20. అరువది లక్షలపై 12 లక్షల రూపాయలు! ఆధారుతో జతచేయక పనిచేయని పాన్ నంబరైనను సామాన్యముగా ఇదే గతి. కావున మాట ఖాయమైన దినముననే, సొమ్ము చేతులు మారక ముందే, పాన్ నంబరు అడిగి పోర్టలులో సరిచూచుకొనవలెను.

పాన్ ఉన్నచో అతనికి నష్టము లేదు. చిన్న వ్యాపారులకు చట్టము ఒక సుళువైన మార్గము కల్పించినది. లెక్కల పుస్తకములు వ్రాయకున్నను, మొత్తము రాబడిలో నూటికి 8 వంతులు, బ్యాంకు ద్వారా వచ్చిన భాగమునకు నూటికి 6 వంతులు లాభముగా చూపి రిటర్ను వేయవచ్చును. అరువది లక్షలు బ్యాంకు ద్వారా వచ్చినచో అట్లు చూపవలసిన లాభము 3,60,000 రూపాయలు. ఇతర ఆదాయము లేనిచో, 2025–26 ఆర్థిక సంవత్సరపు క్రొత్త పన్ను విధానమున దానికి పన్ను ఏమియు లేదు. అప్పుడు కోసిన 1,20,000 రూపాయలు పూర్తిగా అతనికి వాపసు రావలసినదే. ఐతే దానికి రెండు షరతులు: అతడు రిటర్ను వేయవలెను, యజమాని కోసిన సొమ్మును నిజముగా ఖజానాకు కట్టియుండవలెను.

ఈ రెండవ షరతును యజమాని తప్పినచో ఏమగును? మేస్త్రీ తన ఖాతాలో చూచుకొనును. అచట ఏమియు కనబడదు. తన సొమ్ము పోయినది, వాపసు రాదు, యజమాని గడప చుట్టు తిరుగవలెను. చట్టము దీనిని తీవ్రముగా పరిగణించుట ఇందువలననే. అసలు కోయకుండినచో నెలకు నూటికి 1 రూపాయి వడ్డీ. కోసి కట్టకుండినచో నెలకు నూటికి ఒకటిన్నర రూపాయి. వివరముల పట్టిక ఆలస్యమైన ప్రతి దినమునకు 200 రూపాయల రుసుము; ఐతే ఆ రుసుము కోత మొత్తమును మించదు. కోసిన పన్నును అట్టిపెట్టుకొనుట క్రిమినలు విచారణకు సైతము దారి తీయగలదు. గిడ్డంగిని తన వ్యాపారమునకే వాడుకొను వర్తకుడు కోత మానినచో, ఆ ఖర్చులో నూటికి 30 వంతులు అతని లాభమునుండి తీసివేయుటకు అనుమతి లభింపదు. 1,80,000 లో 54,000 పై అతడే పన్ను కట్టుకొనవలెను.

మరచిపోయి కోయనివారికి ఒక ఊరట కలదు. కంట్రాక్టరు ఆ రాబడిని తన రిటర్నులో చూపి, పన్ను కట్టివేసియుండినచో, ఆ సంగతిని చార్టర్డ్ అక్కౌంటెంటు ధ్రువపత్రముతో నిరూపించి యజమాని అసలు పన్ను భారమునుండి బయటపడవచ్చును. వడ్డీ మాత్రము తప్పదు.

బళ్ళారినుండి వచ్చిన కంట్రాక్టరు

ఆలూరు వారికి ఒక ప్రత్యేక సందేహము కలుగును. ఇచటి నిర్మాణములకు బళ్ళారినుండి పనివారు వచ్చుట కొత్త కాదు. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనివే. నేడు నడుమ రాష్ట్రపు సరిహద్దున్నది. మరి అన్యరాష్ట్రమువాడైన కంట్రాక్టరుకు నియమము వేరా? కాదు. ఆదాయపు పన్ను కేంద్రప్రభుత్వపు పన్ను. దేశమంతటికి ఒక్కటే చట్టము. హద్దులు, రేట్లు, గడువులు ఆలూరులో నెట్లో బళ్ళారిలో నట్లే.

దేశము మారినచో మాత్రము పద్ధతి మారును. అమెరికాలో ఇండ్లు కొని బాడుగకు ఇచ్చిన తెలుగువారనేకులు కలరు. అచట సాధారణముగా యజమాని కోత కోయడు. బాడుగను వ్యాపారముగా నడుపుచున్నచో, కంట్రాక్టరుకు సంవత్సరమున ఎంత ఇచ్చెనో "1099" అను పత్రములో ప్రభుత్వమునకు తెలుపును. ఈ తెలుపుటకు హద్దు బహుకాలము 600 డాలర్లుండెను. 2026 జనవరి 1 తరువాతి చెల్లింపులకు 2,000 డాలర్లుగా పెంచబడినది. 2010లో అచటి ప్రభుత్వము బాడుగ పుచ్చుకొను ప్రతి యజమానిని ఈ విధికి లోబరచుచు చట్టము చేసినది. చిన్న యజమానులకు ఇది మోయరాని భారమను ఆక్షేపణ బలముగా వచ్చినందున, 2011 ఏప్రిల్‌లో దానిని రద్దుచేసిరి. కంట్రాక్టరు తన పన్ను నంబరు ఇయ్యనిచో అచట సైతము నూటికి 24 వంతులు పట్టుకొనవలెను. చిన్నవారిని విడువవలెను, నంబరు లేనివారిని విడువరాదు అను ఆలోచన రెండు దేశములలోను ఒక్కటే.

కోత లేకున్నను కాగితము కావలెను

మరల మన ఉపాధ్యాయుని కడకు వత్తము. అతనికి కోత లేదు, పట్టిక లేదు. ఐనచో రశీదు సైతము అక్కరలేదా? అచటనే చాలమంది పొరబడుదురు. బాడుగ ఆదాయములో మరమ్మతు ఖర్చును వేరుగా తగ్గించుకొను వీలు లేదు. సంవత్సరపు బాడుగ 1,20,000. కట్టిన ఇంటి పన్ను 4,000 తీసివేయగా 1,16,000. దీనిలో నూటికి 30 వంతులు, అనగా 34,800 రూపాయలు, ఖర్చు పెట్టినను పెట్టకున్నను చట్టమే తగ్గించును. మిద్దెకు మూడున్నర లక్షలు పోసినను ఆ అంకె మారదు. "ఇక బిల్లుతో పనియేమి?" అని యజమాని తలచుట ఇందువలననే.

పని మూడు విధముల కలదు. ఒకటి: క్రొత్త గది, క్రొత్త అంతస్తు వంటి శాశ్వతమైన అభివృద్ధి ఖర్చు, రేపు ఆ ఇల్లు అమ్మినపుడు కొన్న ఖరీదుకు చేర్చబడి, లాభముపై పన్ను తగ్గించును. పదునైదేండ్ల పిమ్మట ఆ ఖర్చును నిరూపించునది బిల్లు, బ్యాంకు చెల్లింపు మాత్రమే. రెండు: మరమ్మతుకు అప్పు తెచ్చినచో దాని వడ్డీని బాడుగ ఆదాయమునుండి తగ్గించుకొను అవకాశము కలదు, పాత పన్ను విధానము, క్రొత్త విధానములలో దీని హద్దులు వేరు. ఆ అప్పు ఇంటికే ఖర్చైనదని చూపవలెను. మూడు: 2017 ఏప్రిల్ 1వ తేదీనుండి ఒక్క పనికి సంబంధించి 2 లక్షల రూపాయలుగాని అంతకు మించిగాని నగదుగా పుచ్చుకొనుట నిషేధము. దండుగ పుచ్చుకొన్నవానికి పడును, అంత మొత్తము పడును. మూడున్నర లక్షలు నోట్ల కట్టలుగా మేస్త్రీ చేతిలో పెట్టిన యజమాని, తెలియకయే అతనిని ఆపదలో పెట్టినవాడగును.

చట్టపు సంఖ్యలు మారిన సంగతి

ఒక హెచ్చరిక. ఇంతవరకు చెప్పిన నియమములు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 194-సి, 194-ఎం అను సెక్షనులుగా ప్రసిద్ధములు. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము చేయబడి, 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలు కావలెనని నిర్ణయింపబడినది. ఈ కోత నియమములు అందు 393వ సెక్షనులో పట్టికలుగా కూర్చబడినవి. విధి యొక్క స్వరూపము మారలేదు. సెక్షనుల సంఖ్యలు మారినవి. కావున సొమ్ము కట్టునపుడు పాత కాగితమును చూచి పత్రము ఎన్నుకొనక, చెల్లింపు జరిగిన తేదీకి వర్తించు పత్రమునే పోర్టలులో ఎన్నుకొనవలెను. రేట్లు, హద్దులు ప్రతి బడ్జెటులోను మారగలవు గనుక పెద్ద పని తలపెట్టిన యేడు ఒకసారి విచారించుకొనుట అవసరము.

ఇన్ని నియమములను జ్ఞాపకముంచుకొనుట ఎట్లని బెదరనక్కరలేదు. ఇంటిలో పిల్లలు వ్రాసి విడిచిన ఒక నోటుపుస్తకము చాలును. పని మొదలైన దినమున మొదటి పుటలో మేస్త్రీ పేరు, పాన్ నంబరు, ఒప్పుకొన్న మొత్తము, సామాను ఎవరిదో వ్రాయుడు. ప్రతి చెల్లింపునకు తేదీ, మొత్తము, అంతవరకు ఇచ్చిన కూడిక, కోసినచో ఎంత కోసినది, ఏనాడు కట్టినది వ్రాసి, మేస్త్రీ సంతకము తీసికొనుడు. కూడిక లక్షకో, 50 లక్షలకో సమీపించుచున్నదని ఆ పుస్తకమే చెప్పును. పని ముగిసిన దినమున కోత ఉన్నచో ధ్రువపత్రము అతని చేతికిచ్చి, "ఇది నీ సొమ్ము, రిటర్ను వేసి తెచ్చుకో" అని చెప్పుడు. కోత లేనిచో పూర్తి కూలి ఇచ్చి పంపుడు. తన మిద్దె నిలిపినవాని రూపాయి అతనికే చేరునట్లు చూచుట యజమాని విధి.